దోహాలో రెండు బాకులతో

నేను పోయి వచ్చింది ఖతర్‌కు. ఈ ముక్క హనుమకొండలో మా వీధి వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. "సారు దుబాయ్ పోయొచ్చిండట" అనే అంటారు. కిరాణా కొట్టు దగ్గర నిలేసి అక్కడ బంగారం రేటెంత ఉందని అడిగితే, బంగారం సంగతి నాకు తెలియదని, రెండు బాకులు చేతికొస్తే ఒక పెళ్ళి విందు జరిపించి వచ్చానని చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నాను.

ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి చెప్పి రిటైరైన వాణ్ణి. సమాఖ్య అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. నా భార్యది భీమవరం. రాష్ట్రం విడిపోయిన రోజుల్లో మా ఇంట్లో టీవీ రిమోట్ కోసం జరిగిన పోరు ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కలేదు. ఆమెకొక ఛానెల్, నాకొక ఛానెల్. చివరికి ఇద్దరం దిగొచ్చి వంటల కార్యక్రమం పెట్టుకునేవాళ్ళం. ఆ అనుభవంతో ఎవరి తగాదానైనా ఇట్టే తేల్చేయగలనని నాకొక నమ్మకం. ఈసారి ఆమెకు బడి సెలవు దొరకలేదు. "మా తమ్ముడింట్లో కాస్త నోరు అదుపులో పెట్టుకోండి" అని చెప్పి నన్నొక్కణ్ణే విమానం ఎక్కించింది.

అల్ సద్: పూలకుండీల సరిహద్దు

మా బావమరిది మురళి అల్ సద్‌లో ఉంటాడు. మెట్లు దిగితే క్లినిక్కులు, మెట్రో, టాక్సీలు, మలయాళీల కొట్లు. మూల మీద చాయ్ దుకాణం. ఇక్కడ చాయ్‌ని కరక్ అంటారు, యాలకులు దట్టించి చిక్కగా మరిగిస్తారు. కప్పు ఒక రియాల్, మన లెక్కలో ఇరవై రూపాయల పైమాటే. మొదట్లో తాగిన ప్రతి కప్పునూ రూపాయల్లోకి మార్చుకుని బాధపడ్డాను. తర్వాత మార్చుకోవడం మానేసి రెండో కప్పు అడగడం మొదలుపెట్టాను.

మురళి ఉండే భవనం కిందే ఒక యెమెన్ హోటల్ ఉంది. హైదరాబాద్ బార్కస్‌లో ఎప్పుడో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ మనవల చేతి మండి, ఆ మాంసం అన్నం తిన్న నోరు నాది. ఆ ధీమాతో లోపలికి నడిచాను. అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. హోటల్ ఒకటే, వంటగది ఒకటే. కానీ నట్టనడుమ ఈ చివర నుంచి ఆ చివరదాకా ప్లాస్టిక్ పూలకుండీలు బారుగా పేర్చి ఉన్నాయి. అటొక గల్లాపెట్టె, ఇటొక గల్లాపెట్టె. అటు గోడకు ఒక టీవీ, ఇటు గోడకు ఒక టీవీ, రెండింట్లోనూ వార్తలే, ఒకదానికి మరొకటి పడదన్నట్టు గట్టిగా అరుస్తున్నాయి. ఒక్కో టీవీ కింద వంకీ తిరిగిన బాకు ఒకటి వేలాడుతోంది.

"ఎటు కూసుందాం?" అని మురళిని అడిగాను.

"మీ ఇష్టం బావగారూ. ఎటు కూర్చున్నా కూర ఒక్క గిన్నెలోదేనండి" అన్నాడు.

వడ్డించడానికి వచ్చిన మనిషి మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. పేరు యేసుదాసు, నరసాపురం దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, ఈ హోటల్లోనే తల నెరిసింది. పూలకుండీల సంగతి అడిగితే గొంతు తగ్గించాడు.

"ఆ తెల్లగడ్డం ఆయన సాలెహ్ గారండి, ఊరు సనా. ఈ కళ్ళజోడు ఆయన నాసర్ గారండి, ఏడెన్. నాసర్ గారి చెల్లెలే సాలెహ్ గారి భార్య. ఇద్దరూ కలిసి పెట్టిన హోటలండి ఇది. ఇప్పుడు మాట్లాడుకోరు."

"మరి పని ఎట్ల నడుస్తది?"

"నేనున్నాను కదండి. అటు మాట ఇటు చెప్తాను, ఇటు మాట అటు చెప్తాను. నా డ్యూటీ అదేనండి. వడ్డన పైపని."

అబద్ధమేమీ కాదు. మా కళ్ళ ముందే సాలెహ్ తన గల్లా దగ్గర కూర్చుని, ఇక్కడ అందరికీ వచ్చే ఉర్దూలో "యేసూ, ఆయన్ని అడుగు, రేపటికి మాంసం చెప్పాడా లేదా" అన్నాడు. నాసర్ అక్కడికి నాలుగు బారల దూరంలో ఉన్నాడు. యేసుదాసు నడుచుకుంటూ వెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పాడు. నాసర్ అప్పటిదాకా చెవిటివాడిలా కూర్చుని, ఇప్పుడు కొత్తగా విన్నట్టు తలెత్తి, "చెప్పానని చెప్పు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. మురళి బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఆ రోజు మేం తిన్నది మండి కాదు, సల్తా అనే సనా వాళ్ళ కూర. నిప్పుల మీంచి దింపిన రాతి గిన్నెలో బుడబుడమని ఉడుకుతూనే బల్ల మీదికి వస్తుంది. పైన మెంతిపిండి గిలక్కొట్టిన నురగ. మెంతుల చేదు మనకు ఆవకాయలో తెలుసు గాని ఇలా నురగలా గిన్నెడు తినడం నాకు కొత్త. తొందరపడి నాలుక కాల్చుకున్నాను. విస్తరంత రొట్టె వేడివేడిగా తెచ్చి పడేస్తే దాంతో తుడిచి మరీ తిన్నాం. ఇద్దరికీ నలభై రియాల్‌లు. ఏ గల్లాలో కట్టాలో తెలియక నేను పూలకుండీల మధ్య నిలబడిపోతే యేసుదాసే వచ్చి అందుకున్నాడు.

దుఖాన్ దారిలో

మర్నాడు మురళికి దుఖాన్‌లో పని ఉండి నన్నూ కారెక్కించుకున్నాడు. పడమటి తీరంలో చమురు ఊరు అది. దారి పొడవునా రాళ్ళు, ఇసుక, అక్కడక్కడా ఒంటెలు. ఊళ్ళో కంపెనీ వాళ్ళ ఇళ్ళు మన రైల్వే క్వార్టర్ల వరసను గుర్తుచేశాయి. వాటి వెనక సముద్రం చిన్న అల కూడా లేకుండా పడుకుని ఉంది. డిసెంబరు గాలి చల్లగా ఉంది. ఎడారికి వస్తున్నానని స్వెట్టర్ తేకపోవడం నా తెలివితేటలకు నిదర్శనం.

దారిలో మురళి హోటల్ కథంతా విప్పాడు. యెమెన్ పేరుకు ఒకే దేశం. రాజధాని సనాలో ఒక ప్రభుత్వం కూర్చుంది, ఏడెన్‌లో ఇంకొకటి. లోకం గుర్తించింది మమ్మల్నేనని ఒకరు, జనం ఎక్కువమంది ఉన్నది మా దగ్గరని ఒకరు. ఏళ్ళ తరబడి రోడ్లు మూసుకున్నారు. పూటలో అందే ఊరికి కొండలు చుట్టి రోజంతా పోవాలి. మధ్యమధ్యలో వేరే దేశాల్లో కూర్చుని చర్చలు, కరచాలనాలు, వాయిదాలు.

"హోటలుకీ దానికీ ఏం సంబంధం?" అన్నాను.

"సాలెహ్ గారి అమ్మాయిని నాసర్ గారి అబ్బాయికి ఇచ్చారండి. నికా ఇక్కడే దోహాలో రాయించేశారు. కానీ విందు చేసి పిల్లని అత్తారింటికి పంపాలి కదండి. అది జరగట్లేదు. విందు సనాలో చెయ్యాలని ఆయన, కాదు ఏడెన్‌లో చెయ్యాలని ఈయన. ముందు ఆ రెండు ప్రభుత్వాలు రాజీపడి రోడ్లు తెరవాలట, అప్పుడు చూద్దామంటారు. ఆ అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉందండి."

మేనమామ కొడుకుని చేసుకోవడం అంటే మనకు ఎంత దగ్గరి మాట. ఇలాంటి మేనరికాలు మా చుట్టాల్లో ఎన్ని లేవు. పట్టుచీరల దగ్గర మాటపట్టింపు వచ్చి ఆగిన పెళ్ళిళ్ళు చూశాను. మంత్రివర్గాల మధ్య ఒప్పందం కుదరక ఆగిన కాపురాన్ని మాత్రం ఇదే చూడటం. ఆ పిల్లను తలుచుకుంటే నాకు నిజంగానే బాధ కలిగింది.

శుక్రవారం: సమన్యాయం తెచ్చిన తంటా

శుక్రవారం ఇక్కడ సెలవు. నమాజు అయ్యాక హోటల్ యెమెన్ వాళ్ళతో కిటకిటలాడుతుంది. మండి తిని చేతులు కడుక్కున్నాక నాకు ఫోటో దిగాలని బుద్ధి పుట్టింది. గోడ మీది బాకు చేత్తో పట్టుకుని ఒకటి దిగితే హనుమకొండలో చూపించుకోవచ్చు. వాకింగ్ స్నేహితుల గ్రూపులో పెడితే సంక్రాంతి దాకా అదే మాట్లాడుకుంటారు. ఉర్దూలో సాలెహ్‌ను అడిగాను. వాళ్ళ తాతల నాటిదట, పిడి కొమ్ముతో చేసింది. ఆయన మురిసిపోయి తన చేత్తోనే తీసి ఇచ్చాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. సివిక్స్ మాస్టారిని కదా, రెండు రాష్ట్రాల సంసారం చేసినవాణ్ణి కదా. ఒక్క పక్షం బాకుతో ఫోటో దిగితే రెండో పక్షం మనసు నొచ్చుకుంటుందని నా లెక్క. పూలకుండీలు దాటి వెళ్ళి నాసర్‌నూ అడిగాను. అటు ఇచ్చారని చూశాడు గనుక ఆయనా వెంటనే ఇచ్చాడు. రెండు చేతుల్లో రెండు బాకులు పట్టుకుని హోటల్ నడిబొడ్డున నిలబడి, "యేసుదాసూ, ఫోటో కొట్టు" అన్నాను.

యేసుదాసు కొట్టలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాడు. హోటల్ మొత్తం మాటలు ఆగిపోయాయి. ఎవరో టీవీల గొంతు తగ్గించారు. తర్వాత ఒక మూల నుంచి ఒక ముసలాయన లేచి నన్ను చూపిస్తూ ఏదో అన్నాడు. అందరూ బల్లల మీద అరచేతులతో దరువేశారు.

"సార్, మీరు పెద్దమనిషి అయిపోయారండి" అన్నాడు యేసుదాసు.

"నేను ముందు నుంచే పెద్దమనిషినే గద."

"అలా కాదండి. వీళ్ళ కొండల్లో తగువు పడ్డవాళ్ళు తమ బాకులు తీసి మధ్యవర్తి చేతిలో పెడతారండి. పెట్టారంటే ఆయన ఏ తీర్పు చెప్పినా ఒప్పుకున్నట్టే. ఇప్పుడు ఇద్దరి బాకులూ మీ చేతిలో ఉన్నాయి."

నేను కంగారుగా నవ్వుతూ బాకు తిరిగి ఇవ్వబోయాను. సాలెహ్ చేయి చాపలేదు. నాసర్ వైపు తిరిగాను. ఆయనా చాపలేదు. ముందుగా బాకు వెనక్కు తీసుకున్నవాడు రాజీకి భయపడ్డవాడని పదిమందిలో పేరు పడుతుందట. నాసర్ పుట్టింది పట్నంలోనే అయినా వాళ్ళ తాత కొండల నుంచి దిగినవాడే, ఆ పరువు ఆయనకూ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా నన్నే చూస్తూ నిలబడ్డారు. బాకులు పట్టుకునే మెట్లెక్కి ఇంటికి వచ్చాను.

మురళి తలుపు తీసి గుమ్మంలోనే కూలబడ్డాడు. "బావగారూ, ఎక్కడివండీ ఇవి. ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోద్దండి." ఎక్కడ పెట్టాలో తెలియక దేవుడి అలమరాలో పెట్టాం. ఫోన్లో నా భార్యకు సంగతి చెప్పాను. "ఆయుధపూజ అయిపోయి చాలా రోజులైంది కదండీ" అంది.

మందుల షాపులో మూడో పక్షం

మండి, సల్తా, భయం మూడూ కలిసి నా కడుపుతో ఆడుకున్నాయి. పొద్దున్నే క్లినిక్ పక్కన మందుల షాపుకు పోయాను. తలకు ముసుగు, తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి నా బాధ విని మాత్రలు ఇచ్చి, రోజంతా మజ్జిగన్నమే తినమంది. డబ్బులిచ్చి వెనక్కు తిరుగుతుంటే ఉర్దూలో అడిగింది.

"బాకులు తీసుకున్న ఉస్తాద్ మీరేనా?"

ఉస్తాద్ అంటే ఇక్కడ మాస్టారు. నేనే అన్నాను. ఆమె హుదా, సాలెహ్ కూతురు. మొహంలో కోపం లేదు గాని నవ్వు కూడా లేదు.

"మా నాన్న మాట అందరూ వింటారు, మామయ్య మాట వింటారు. నన్ను ఎవరైనా అడుగుతారా?"

"నేను అడుగుతున్నానమ్మా, చెప్పు."

"చర్చలు జరుగుతున్నాయని వార్త వస్తే చాలు, మా అమ్మ నా పెళ్ళి బట్టలు తీసి ఎండలో వేస్తుంది. వాయిదా అనగానే మడతపెట్టి లోపల పెడుతుంది. వేసుకోకుండానే అవి వెలిసిపోతున్నాయి. మామయ్య కొడుకు ఫారిస్, నాతో నికా అయినవాడు, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. సెలవు రోజున ఈ కౌంటర్ దగ్గరికి వచ్చి దగ్గుమందు కొనుక్కుని వెళ్తాడు. వాడికి దగ్గు లేదు."

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.  మాత్రల కవరు జేబులో పెట్టుకుని మళ్ళీ కౌంటర్ దగ్గరికి జరిగాను.

"మీ దేశం వాళ్ళు రాజీపడతారా?" అని అడిగాను.

"పడతారు. పడక ఎక్కడికి పోతారు. కానీ అప్పటికి నాకు ఎన్నేళ్ళుంటాయో ఎవరు చెప్పగలరు ఉస్తాద్?"

విచారణ, తీర్పు

కడుపు కుదుటపడ్డాక ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి విన్నాను. సాలెహ్ సనాలో తమ ఇంటి కిటికీల గురించి చెప్పాడు. పైన అర్ధచంద్రంలా రంగుటద్దాలు ఉంటాయట, పొద్దుటి ఎండకు గది నేలంతా రంగులు పరుచుకుంటాయట. కూతురు ఆ గదిలోంచే పెళ్ళికూతురై నడవాలి. నాసర్ ఏడెన్ సముద్రం గురించి, తన వీధిలో వంద కుటుంబాలకు వండే జుర్బియాన్ గురించి చెప్పాడు. అది మన బిర్యానీకి తోబుట్టువు.

"ఇక్కడే దోహాలో చేస్తే ఏమైతది?" అని ఇద్దరినీ అడిగాను.

సాలెహ్ గడ్డం నిమురుకున్నాడు. "ఇక్కడ చేశానంటే నేనిక సనాకు పోనని ఒప్పుకున్నట్టే కదా ఉస్తాద్." యేసుదాసును పక్కకు పంపి నాసర్‌ను అడిగితే ఆయనా దాదాపు అదే మాట అన్నాడు. దేశం మళ్ళీ ఒకటవుతుందన్న ఆశను ఇద్దరూ ఆ పిల్ల పెళ్ళికి కట్టేసుకున్నారు. మొండితనం అనుకుని నవ్వినవాణ్ణి, ఆ మాటతో వాళ్ళ మీద నాకు గౌరవం పుట్టింది. మేం విడిపోయాం గాని మాకు బస్సు ఒక్కపూట కూడా ఆగలేదు. నా భార్య పుట్టింటికి పోవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది ఎంత పెద్ద సుఖమో సివిక్స్ పాఠంలో నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంతలో ఒక చిక్కు. తీర్పు అమలయ్యేదాకా బాకులు మధ్యవర్తి దగ్గరే ఉండాలట. నాకేమో వచ్చే ఆదివారం విమానం. సంచిలో రెండు బాకులతో దోహా ఎయిర్‌పోర్టుకు పోతే నన్ను ఏ దేశం చర్చలు జరిపి విడిపించాలి? ఆ భయమే నాకు దారి చూపించింది.

మంగళవారం సాయంత్రం హోటల్ నిండా జనం ఉండగా తీర్పు చెప్పాను. "నేను ఆదివారం పోతున్న. బాకులు నా వెంట రావు. కాబట్టి శుక్రవారం ఇక్కడనే విందు. సల్తా, జుర్బియాన్ రెండూ ఉండాలె. చెరొక గొర్రె. ఆ పూట రెండు టీవీలూ బంద్. రోడ్లు తెరిచిన్నాడు సనాలో ఒకటి, ఏడెన్‌లో ఒకటి మళ్ళ చెయ్యాలె. రెంటికీ నన్ను పిలవాలె."

యేసుదాసు అరబ్బీలోకి మార్చి చెప్పాడు. సాలెహ్ నాసర్‌ను చూడలేదు, నాసర్ సాలెహ్‌ను చూడలేదు. ఒకరికొకరు తలొగ్గాల్సిన అవసరం లేకుండా ఇద్దరూ నాకే తలూపారు. మూలనున్న ముసలాయన మళ్ళీ దరువు మొదలుపెట్టాడు.

శుక్రవారం విందు

మగవాళ్ళ విందు హోటల్లో, ఆడవాళ్ళది ఎదుటి హాల్లో. ఎవరు తీశారో గాని పూలకుండీలు వీధిలోకి చేరాయి. ఫారిస్ రాస్ లఫాన్‌లో రాత్రి షిఫ్టు దిగి, బస్సులో కాస్త కునుకు తీసి వచ్చాడు. పెళ్ళికొడుకు వేషంలో కూర్చుని ఆవలింతలు ఆపుకోలేకపోతున్నాడు. మురళి నాకొక తెల్లటి లుంగీ కట్టించాడు. జుర్బియాన్ ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది మా బార్కస్ బిర్యానీ కన్నా బాగుందని ఒప్పుకున్నాను. హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పొద్దని మురళితో ఒట్టు వేయించుకున్నాను.

అప్పుడే మూలనున్న ముసలాయన ఫోన్లో వార్త చదివాడు. ఈసారి చర్చలు కూడా వాయిదా పడ్డాయట. ఒక్క క్షణం అందరూ చేతులు ఆపారు. తర్వాత ఎవరో ఇంకాస్త మాంసం వడ్డించారు, చేతులు మళ్ళీ కదిలాయి. ఇంటికి వచ్చాక చాలామంది నన్ను అడిగారు, ఆ దేశం మళ్ళీ కలుస్తుందా అని. నేను చూసినంతవరకు ఇద్దరికీ కలవాలనే ఉంది. కాకపోతే అక్కడి పెద్దలు ఒక చేత్తో బాకు ఇస్తూ రెండో చేతిలో ఇంకొకటి దాచుకుంటున్నారు. దాచుకోవడం మానిన రోజు కలుస్తారనే నా ఆశ.

భోజనాలయ్యాక డప్పులు మొదలయ్యాయి. కొండల వాళ్ళ నాట్యం, బాకులు పైకెత్తి వరసగా అడుగులు వేస్తారు. నేను సాలెహ్ బాకు సాలెహ్‌కు, నాసర్ బాకు నాసర్‌కు ఇచ్చేశాను. ఇద్దరూ ఒకే వరసలో పక్కపక్కనే నిలబడాల్సి వచ్చింది. సాలెహ్‌కు అడుగులు పుట్టుకతో వచ్చినట్టున్నాయి. పట్నంలో పుట్టిన నాసర్ మాత్రం ప్రతిసారీ తప్పుతున్నాడు. అందరూ ఎడమకు పోతే ఆయన కుడికి పోయి పక్కవాణ్ణి గుద్దుకుంటున్నాడు.

సాలెహ్ ముందుకే చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు, "ఎడమకాలు ముందు."

యేసుదాసు చేతిలోని పళ్ళెం కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు. "నాసర్ గారూ, సాలెహ్ గారు ఏమంటున్నారంటే..."

నాసర్ ఎడమకాలు ముందుకు వేస్తూ, వద్దన్నట్టు చేయి ఊపాడు.

"నాకు వినిపించింది" అన్నాడు.